వస్తానన్నవారు ఆగిపోతే ఖర్చు ఎవరిది? లెక్క తేల్చే పద్ధతి

కార్తీక మాసం వస్తే గోదావరి జిల్లాల్లో పంచారామాల యాత్రకు బళ్లు మాట్లాడుకుంటారు. తెల్లవారకముందే బయల్దేరి సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, అమరావతి ఒక్క రోజులో చుట్టి రావాలని పన్నెండు మంది కలిసి ఒక వ్యాను కుదుర్చుకుంటారు. అద్దె 15,000 అనుకుందాం. తలకు 1,250 పడుతుంది. ముందు రోజు రాత్రి ఒకరు ఫోను చేసి రాలేనంటారు. మిగిలిన పదకొండు మందికి తలకు 1,364 అవుతుంది. నూట పద్నాలుగు రూపాయల కోసం ఎవరూ నోరు మెదపరు. తెల్లవారేసరికి మరో ఇద్దరు మానుకుంటే తలకు 1,667. అప్పుడు గొణుగుడు మొదలవుతుంది. మొదట మానుకున్నవారిని ఏమీ అనలేదు కాబట్టి తర్వాతి ఇద్దరినీ అడగడానికి నోరు రాదు. చివరికి బండి మాట్లాడిన పెద్దమనిషి తేడా తన జేబులోంచి వేసుకుంటాడు. మరుసటి కార్తీకానికి ఆయన బండి మాట్లాడడు, ఆ యాత్ర అంతటితో ఆగిపోతుంది.

నాకు బాధ కలిగించేది ఆ చివరి సంగతే. నలుగురిని కూడగట్టి తీసుకెళ్లే మనిషి ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. నష్టం ఎప్పుడూ వారి మీదే పడితే ఇక ఎవరూ ముందుకు రారు. అందుకని ఈ పద్ధతి రాస్తున్నాను. దీని వెనక ఉన్న సూత్రం ఒక్కటే. మానుకున్నవారు తాము రాకపోవడం వల్ల ఇతరులకు నిజంగా పడిన నష్టం మాత్రమే భరించాలి, అంతకు పైసా ఎక్కువ కాదు. కారణం తప్పించుకోలేనిదైతే అందులో మిగిలినవారూ పాలుపంచుకోవాలి.

మొదటి పని: ఖర్చును మూడు కుప్పలు చేయండి

అడ్వాన్సు వసూలు చేయకముందే ఇది జరగాలి. మొదటి కుప్ప తలసరి ఖర్చు. రైలు టికెట్టు, విమానం టికెట్టు, పాపికొండల పడవ టికెట్టు, తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు ఇందులోకి వస్తాయి. ఇవి మనిషి పేరున తీసేవి. ఆ మనిషి రాకపోతే పోయేది ఆ మనిషి డబ్బే, ఇతరుల మీద భారం లేదు.

రెండో కుప్ప ఉమ్మడి ఖర్చు. కారు, వ్యాను, డ్రైవరు బత్తా, లాడ్జి గది, కోనసీమలోని దిండి ఊళ్లో హౌస్‌బోటు. ఒక మనిషి తగ్గినంత మాత్రాన ఇవి తగ్గవు. తగాదాలన్నీ పుట్టేది ఈ కుప్పలోనే.

మూడో కుప్ప వాడితేనే అయ్యే ఖర్చు. భోజనాలు, కాఫీ టీలు, అక్కడికి వెళ్లాక కొనుక్కునే ప్రవేశ టికెట్లు. రానివారి దగ్గర వీటి కోసం ముందే తీసుకున్నది ఉంటే మొత్తం తిరిగి ఇచ్చేయాలి. ‘అడ్వాన్సు కదా, పోయినట్టే’ అని దీన్ని కూడా కలిపి పట్టుకోవడం నాకు సమ్మతం కాదు. తినని అన్నానికి డబ్బు తీసుకోకూడదు.

గదుల విషయంలో ఒక అన్యాయం ఎవరి కంటా పడకుండా జరిగిపోతుంది. నలుగురికి రెండు గదులు తీస్తారు. ఒకరు మానుకుంటే ఆ గదిలో మిగిలిన ఒక్కరే మొత్తం అద్దె కట్టాలని మిగతా ఇద్దరూ అనుకుంటారు, ఎందుకంటే వారి గది లెక్క వారికి సరిపోయింది. ఎవరితో గది పంచుకోవాలో చీటీ వేసినట్టు తేలిన సంగతి అది. ఆ ఒక్కరి మీద రెండింతల భారం వేయడం ఏ విధంగానూ న్యాయం కాదు. గదులన్నీ కలిపి ఒకే ఉమ్మడి ఖర్చుగా రాయండి.

రెండో పని: డబ్బు తిరిగివచ్చే గడువులు రాసి పెట్టుకోండి

రైలు టికెట్టు విషయంలో చాలామంది లేనిపోని భయం పెట్టుకుంటారు. ఖరారైన టికెట్టును బాగా ముందుగా రద్దు చేసుకుంటే రైల్వే కోసుకునేది తలకు కొంత నిర్ణీత మొత్తమే. స్లీపరులో 120 రూపాయలు, థర్డ్ ఏసీలో 180, సెకండ్ ఏసీలో 200, ఫస్ట్ ఏసీలో 240, ఏసీ తరగతులకు జీఎస్టీ అదనం. బండి వేళ దగ్గరపడే కొద్దీ కోత ఛార్జీలో 25 శాతానికి, ఆ తర్వాత 50 శాతానికి పెరుగుతుంది, చివరి గంటల్లో అయితే ఏమీ రాదు. ఖరారైన తత్కాల్ టికెట్టుకు ఎప్పుడు రద్దు చేసినా పైసా రాదు. ఏ గంటకు ఏ కోత పడుతుందో టికెట్టు తీసిన రోజే చూసి, ఆ తేదీ, వేళ అందరికీ తెలిసేలా రాయండి. బుక్ చేసేటప్పుడు తీసుకునే సేవా రుసుము తిరిగి రాదు. టికెట్టుతో పాటు తీసుకునే ప్రయాణ బీమా ప్రమాదాలకే కానీ, ప్రయాణం మానుకున్నందుకు పనికిరాదు.

విమానం టికెట్టు తిరిగిరానిదని రాసి ఉన్నా అందులో పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి ఇవ్వాల్సిందే. రాజమండ్రి విమానాశ్రయమైన మధురపూడి నుంచి టికెట్టు తీసి మానుకున్నవారు ఆ కాస్తా అడిగి తీసుకోవాలి. చాలామంది అడగరు.

లాడ్జిల దగ్గర మాత్రం రోజును బట్టి నియమం మారుతుంది. మామూలు రోజుల్లో ముందు రోజు చెబితే వదిలేసేవారు సంక్రాంతికీ, అంతర్వేది కల్యాణానికీ అద్దె మొత్తం ముందే తీసుకుంటారు, వెనక్కి ఇవ్వరు. 2027 గోదావరి పుష్కరాలకు గది చూసుకునేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

మూడో పని: మాట రాసి పంపండి, తర్వాతే డబ్బు తీసుకోండి

ఫోనులో చెప్పుకున్నది ఎవరికి అనుకూలంగా వారికి గుర్తుంటుంది. అందుకని వెళ్లే వారందరికీ ఒక సందేశం పంపండి. ఇలా ఉండవచ్చు:

‘అందరికీ నమస్కారం. కారు, గదులు ఉమ్మడి ఖర్చు. సొంత నిర్ణయంతో ఎవరైనా మానుకుంటే తన టికెట్టు మీద పడే కోత, ఉమ్మడి ఖర్చులో తన వంతు తానే భరించాలి. చావు, ఆసుపత్రి, పంట, రొయ్యల చెరువు, ఆరోగ్యం వంటి కారణమైతే టికెట్టు కోత తనది, ఉమ్మడి నష్టం అందరం పంచుకుందాం. వరద వల్లో తుపాను వల్లో ఆగితే అందరికీ సమానం. తన బదులు అందరికీ సరిపడే మనిషిని పంపితే ఎవరూ ఏమీ ఇవ్వక్కరలేదు. గదుల రద్దుకు చివరి తేదీ ఫలానా. సరే అని రాసి పంపాక అడ్వాన్సు పంపండి.’

పెద్ద వ్యాను అయితే ఇంకొక్క వాక్యం కలపండి. ‘ఫలానా రోజుకు పది మందికి తగ్గితే బండి వద్దని చెప్పేస్తాం.’ అలా రాసి ఉంటే ఇద్దరో ముగ్గురో జారిపోయినప్పుడు మిగిలినవారు ఇరుక్కోరు.

అడ్వాన్సు ఎంత తీసుకోవాలి? టికెట్టు ధర, ఉమ్మడి ఖర్చులో పూర్తి వంతు, రెండూ కలిపి తీసుకోండి. మన మధ్య డబ్బు అడగడం కష్టం, మిగిలింది తిరిగివ్వడం సులువు. నామమాత్రంగా ఐదు వందలు తీసుకుంటే మానుకున్నవారు ఆ ఐదు వందలు వదులుకోవడమే తమ బాధ్యత అనుకుంటారు, అసలు నష్టం దానికి ఎన్నో రెట్లు ఉన్నా సరే.

నాలుగో పని: రాలేనని చెప్పిన వెంటనే

మొదటి ప్రశ్న ‘ఎందుకు?’ కాకూడదు. ‘మీ బదులు వచ్చేవారు ఎవరైనా ఉన్నారా?’ అని అడగండి. రెండో ప్రశ్న ‘రద్దు చేసేయమంటారా?’ వారి నోటి నుంచి అవునన్న మాట రాగానే ఆలస్యం చేయకండి. ‘రేపటికి మనసు మార్చుకుంటారేమో’ అని ఒక రోజు ఆగితే నిర్ణీత కోతలో తేలాల్సింది 25 శాతంలోకి వెళ్లవచ్చు. ఒకే టికెట్టు మీద ఆరుగురు ఉన్నా ఒక్కరి పేరు మాత్రం రద్దు చేయవచ్చు, మిగిలినవారి బెర్తులకు ఏమీ కాదు. చెప్పిన తేదీ, వేళ రాసుకోండి. మీరు రద్దు చేయడంలో ఆలస్యం చేసి కోత పెరిగితే ఆ పెరిగినంత మీది, వారిది కాదు.

ఇటువైపు మాట కూడా చెప్పాలి. మానుకోబోయే మనిషి మీరే అయితే, వెళ్లలేమని మనసుకు తెలిసిన రోజే చెప్పేయండి. చెప్పడానికి ముఖం చెల్లక రెండు రోజులు గడిపితే, ఆ రెండు రోజుల ఖరీదు మీ స్నేహితులు కడతారు.

ఐదో పని: నష్టం తగ్గించాకే లెక్క వేయండి

ఇది మిగిలినవారి బాధ్యత, దీన్ని దాటవేయడానికి వీల్లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 73వ సెక్షను కూడా ఇదే చెబుతుంది. మాట తప్పినవారు దానివల్ల సహజంగా కలిగిన నష్టం ఇవ్వాలి, అయితే ఆ నష్టం లెక్క కట్టేటప్పుడు దాన్ని తప్పించుకోవడానికి ఉన్న మార్గాలను కూడా చూడాలి. చేతులు కట్టుకుని కూర్చుని మొత్తం వసూలు చేస్తామంటే కుదరదు.

మార్గాలు ఏమున్నాయి? పెద్ద కారు బదులు చిన్న కారు సరిపోతుందేమో డ్రైవరును అడగండి. రెండు గదులు వదిలి ఒక గదిలో అదనపు పరుపు వేయిస్తారేమో లాడ్జికి ఫోను చేయండి. బదులు మనిషిని వెతకండి, అయితే ఆ మనిషి గది పంచుకునేవారికి ఇబ్బంది లేనివారై ఉండాలి.

రైలు టికెట్టు మీద బదులు మనిషి వెళ్లే వీలు ఒక్క సందర్భంలో ఉంది. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భర్త, భార్య, ఈ బంధువులలో ఒకరి పేరు మీదికి టికెట్టు మార్చుకోవచ్చు. బండి బయల్దేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ కార్యాలయంలో టికెట్టు కాపీ, గుర్తింపు కార్డు, బంధుత్వానికి రుజువు ఇచ్చి దరఖాస్తు చేయాలి. ఒక్కసారే మారుస్తారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, నరసాపురంలో నాగర్‌సోల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి షిర్డీ వెళదామనుకున్న బృందంలో ఒక అక్క ఆగిపోతే ఆమె చెల్లెలు ఆ బెర్తు మీద వెళ్లవచ్చు. స్నేహితురాలు వెళ్లకూడదు. విమానం టికెట్టుకూ తిరుమల దర్శనం టికెట్టుకూ ఈ సదుపాయం లేదు, అవి ఎవరి పేరున ఉంటే వారికే.

ఆరో పని: కాగితం మీద లెక్క

భీమవరం నుంచి నలుగురు స్నేహితులు కారులో అరకు వెళుతున్నారనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసినవే. కారు మొత్తం 12,000, అంటే తలకు 3,000. రెండు గదులు రెండు రాత్రులు, గది రోజుకు 2,000 చొప్పున 8,000, తలకు 2,000. భోజనాలు, ఇతర ఖర్చులు తలకు 2,000. పూర్తి వంతు కాకుండా అడ్వాన్సుగా ఒక్కొక్కరు 3,000 మాత్రమే ఇచ్చారనుకోండి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఒకరు మానుకున్నారు.

ఏ మార్గమూ దొరకలేదనుకోండి. కారులో 3,000, గదిలో 2,000, మొత్తం ఉమ్మడి నష్టం 5,000. భోజనాల 2,000 లెక్కలోకి రాదు. మానుకున్నది సొంత నిర్ణయమైతే ఆయన ఇచ్చిన 3,000 పోను ఇంకా 2,000 ఇవ్వాలి. కారణం తప్పించుకోలేనిదైతే 5,000 నలుగురూ పంచుకుంటారు, తలకు 1,250. అప్పుడు ఆయనకే 1,750 తిరిగి ఇవ్వాలి.

ఇప్పుడు లాడ్జివారు ఒక గది వదులుకోవడానికి ఒప్పుకుని, రెండో గదిలో రోజుకు 500కు పరుపు వేశారనుకోండి. గది ఖర్చు 5,000కు దిగింది. మిగిలిన ముగ్గురూ ముందు అనుకున్న వంతు చొప్పున 6,000 పెట్టాల్సినవారు. అంటే గదిలో నష్టమే లేదు. కాస్త ఇరుకుగా పడుకున్నారు కాబట్టి మిగిలిన వెయ్యి వారికే వదిలేయవచ్చు. ఇక నష్టం కారు వంతు 3,000 మాత్రమే. సొంత నిర్ణయమైతే ఆయన అడ్వాన్సుతో సరి. తప్పని కారణమైతే తలకు 750, ఆయనకు 2,250 వెనక్కి. ఒక్క ఫోను చేస్తే ఇంత తేడా వస్తుంది. బదులు మనిషి వచ్చి వంతు కట్టేస్తే ఆయన డబ్బు ఆయనకు పూర్తిగా ఇచ్చేయాలి.

ఏడో పని: కారణాన్ని ఏ వరుసలో పెట్టాలి?

ఇంకో పెళ్లి పిలుపు వచ్చింది, వేరే స్నేహితులతో వెళ్లాలనిపించింది, చలి ఎక్కువంటున్నారు, ఖర్చు ఎక్కువనిపించింది. ఇవి సొంత నిర్ణయాలు. వీటిలో తప్పేమీ లేదు, ఖర్చు మాత్రం వారిది.

ఆసుపత్రి, చావు, పరీక్ష తేదీ మారడం, ఇచ్చిన సెలవు పైవారు రద్దు చేయడం తప్పని కారణాలు. దాయాదుల్లో ఎవరైనా పోతే మైల తీరేదాకా గుడి మెట్లెక్కరు. నమ్మకం ఉన్నా లేకపోయినా మిగిలినవారు దాన్ని గౌరవించాలి. డెల్టాలో ఇంకొన్ని ఉన్నాయి, వాటిని బయటివారు తేలిగ్గా తీసుకుంటారు. రొయ్యల చెరువులో జబ్బు కనిపిస్తే రైతు గట్టు వదిలి కదలలేడు. కోతల వేళ తుపాను హెచ్చరిక వస్తే పనలు తడవకుండా కుప్ప వేసుకోవాలి. ఏడాది తిండి అక్కడ పొలంలో ఉండగా ‘మా కారు వంతు ఇచ్చి వెళ్లు’ అనడానికి మనసు ఎలా ఒప్పుతుంది?

గుడి ప్రయాణాల్లో ఆడవారు ఆఖరి రోజున ‘నేను రాలేను’ అని మాత్రమే అంటే కారణం అడగకండి. నేరుగా తప్పని కారణాల్లో వేసేయండి. లెక్క కోసం ఒక మనిషి తన ఒంటి సంగతి నలుగురి ముందు చెప్పుకోవాల్సిన పరిస్థితి తేకూడదు. మగవారు లెక్క చూస్తున్న బృందంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

భార్యాభర్తల్లో ఒకరికి ఒంట్లో బాగాలేక ఇద్దరూ ఆగిపోతే రెండు వంతులకూ అదే వరుస వర్తించాలి. అందరినీ కూడగట్టిన మనిషే ఆగిపోతే ఆయనకూ ఇవే నియమాలు. టికెట్లు ఆయన ఖాతాలో తీసినవైనా మిగిలినవారు వెళ్లవచ్చు, టికెట్టులో పేరున్నవారిలో ఒకరు అసలు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు.

వరద వచ్చినప్పుడు

పాపికొండలకు బయల్దేరేవారు దీన్ని విడిగా రాసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. హెచ్చరిక ఉన్నా, అధికారులు పడవలు ఆపేసినా ప్రయాణం రద్దు, నష్టం అందరికీ సమానం. ఇందులో వాదన ఉండకూడదు. ఎవరో ఒకరు పట్టుబట్టి ‘వెళదాం, ఏమీ కాదు’ అన్నా వినకండి.

హెచ్చరిక లేకపోయినా ఎర్రనీటి ఉరవడి చూసి ఒకరు భయపడి పడవ ఎక్కనంటే వారి దగ్గర నష్టం వసూలు చేయకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎంతోమంది చనిపోయారు. డబ్బు పోతుందన్న మొహమాటంతో ఎవరూ నీటి మీదికి రాకూడదు. ఈ ఒక్క చోట నేను లెక్కను పూర్తిగా పక్కన పెట్టమంటాను.

ఎనిమిదో పని: డబ్బు మాట ఎత్తడం

అంకెలతో మాట్లాడండి, విశేషణాలు వద్దు. అందరూ చూసే చోట కాకుండా విడిగా పంపండి. అత్తగారిని ఆసుపత్రిలో చేర్చి షిర్డీ ప్రయాణం మానుకున్న బావగారికైతే ఇలా రాయవచ్చు. ‘బావగారూ, అత్తయ్యగారికి ఇప్పుడు ఎలా ఉంది? మీ స్లీపరు టికెట్టు రద్దు చేశాను. 120 రూపాయలు కోసుకుని మిగిలింది నా ఖాతాలో పడుతుంది, పడగానే పంపిస్తాను. గది నష్టం అందరం పంచుకున్నాం, మీ వంతు 400 అందులో మినహాయిస్తాను. లెక్క కాగితం ఫొటో పెట్టాను, తేడా ఉంటే చెప్పండి.’ ఆయన ‘అదేమిటి, మొత్తం నేనే ఇస్తాను’ అంటే ఒకసారి వద్దనండి. మళ్లీ అంటే తీసుకుని అందరికీ సమానంగా పంచండి.

ఇవ్వాల్సినవారు ఇవ్వకపోతే ఒకసారి గుర్తు చేయండి, ఇద్దరికీ కావలసిన పెద్దవారితో ఒకసారి చెప్పించండి. అంతకు మించి వెంటపడవద్దు. ఆ లోటు బండి మాట్లాడిన మనిషి ఒక్కరి మీద కాకుండా మిగిలినవారందరి మీదా సమానంగా వేయండి, తర్వాతి ప్రయాణానికి ఆ ఇవ్వనివారి దగ్గర పూర్తి డబ్బు ముందే తీసుకోండి. లాడ్జివారో బండివారో ఇస్తామని రాసి ఇచ్చిన డబ్బు ఇవ్వకపోతే మాత్రం వదలకండి. రసీదు, సందేశాలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి. రైల్వే నుంచి వెనక్కి వచ్చే డబ్బు టికెట్టు తీసిన ఖాతాకే చేరుతుంది కాబట్టి, అది పడిన రోజే ఎవరి వాటా వారికి పంపి, పంపినట్టు అందరికీ తెలియజేయండి.